కొడుకు పేరు సోమలింగం

‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెతను మన పెద్దలు వెక్కిరింపుగా వాడుతూ వచ్చారు గానీ, వాళ్ళలో ఎవరూ టిఫిన్ సెంటరు పెట్టి ఉండరని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. విజయవాడలో మా బావమరిది తలపెట్టిన వ్యాపారాన్ని నాలుగు నెలలుగా దగ్గరుండి చూస్తున్నవాడిగా చెబుతున్నాను, సోమలింగం తండ్రి ముందుచూపు గల మనిషి. ఆలూ చూలూ ఆ తరువాత ఎప్పుడైనా సమకూరుతాయి. పేరు మాత్రం ఆలస్యం చేస్తే ఇంకొకడు పట్టుకుపోతాడు.

మావాళ్ళకు కొట్టు అద్దెకు కుదరడానికి ఒక్క పూట పట్టింది. మినప్పప్పుకు రవ్వ పాళ్ళు ఎంత, గ్రైండరు ఎన్ని లీటర్లది కావాలి అన్న చిల్లర విషయాలన్నీ ఒక సాయంత్రం కాఫీ తాగుతూ తేల్చేశారు. వంటమనిషి సంగతి ‘చూద్దాంలే’ అన్న ఒక్క మాటతో ముగిసింది. పేరు కోసం మాత్రం వాట్సాప్‌లో ప్రత్యేకంగా గ్రూపు పెట్టి, పదిహేడు మందిని చేర్చారు. వీరిలో ఇద్దరు అమెరికాలో ఉంటారు కాబట్టి ఆలోచనకు రాత్రీ పగలూ అన్న తేడా లేకుండా పోయింది.

మొదట అందరి మనసూ చుట్టరికాల మీదికి పోయింది. పూర్వం ఆసామి పేరే కొట్టుకు పేరు. కర్నూలు పుల్లారెడ్డి మిఠాయిలైనా, కాకినాడ కోటయ్య కాజాలైనా ఆ లెక్కలోనివే. తరువాత చుట్టరికం వచ్చింది. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఎలాగూ ఉంది, ఆ దారిన బయలుదేరినవాళ్ళు ఈపాటికి అమ్మమ్మనూ, నాయనమ్మనూ, అత్తమ్మనూ, పిన్నినీ పంచేసుకున్నారు. మావాడి వంతుకు తోడల్లుడు, వియ్యంకుడు, ఆడపడుచు మిగిలారు. వియ్యంకుడి పేరు పెడితే ఎంత వడ్డించినా మర్యాద తక్కువైందని అలిగి లేచిపోయేవాళ్ళే తప్ప తిని వెళ్ళేవాళ్ళు ఉండరని మా మామగారు అనుభవం మీద చెప్పారు. ఆయన వియ్యంకుడు మా నాన్నగారే కావడం వల్ల నేను ఆ చర్చలో ఇంకేమీ మాట్లాడలేదు. ‘ఆడపడుచు టిఫిన్స్’ అని నా భార్య చేసిన ప్రతిపాదనను మా బావమరిది భార్య చూసి కూడా చూడనట్టు ఊరుకోవడంతో అది అక్కడికక్కడే వీగిపోయింది.

ఇష్టదైవం పేరుండగా ఇంత చర్చ దేనికని మా అత్తగారు అడిగారు. అప్పుడు వకీలు రంగంలోకి దిగాడు. 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం కింద లోకంలోని సరుకులూ సేవలూ అన్నీ 45 తరగతులుగా విడిపోయి ఉన్నాయనీ, హోటళ్ళది 43వ తరగతి అనీ, 4,500 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుంటే, మంజూరైన పేరు పదేళ్ళపాటు మనదే అనీ ఆయన వివరించాడు. అగరువత్తులకు ‘రామాయణ్’ అన్న పేరును ఒక్కరే సొంతం చేసుకోవడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఆ లెక్కన వీధి చివర రెండో వేంకటేశ్వర టిఫిన్స్ వెలిస్తే మనం చేయగలిగింది చెప్పులు విప్పి దండం పెట్టుకోవడమే.

ఊరి పేరు పెట్టుకోవడంలోనూ గండాలున్నాయి. దేశవిభజన తరువాత సింధు నుంచి వచ్చినవారు 1953లో హైదరాబాదులో కరాచీ బేకరీ పెడితే, 2019లో దాని బెంగళూరు శాఖ బోర్డు మీది ‘కరాచీ’ని కప్పివేయవలసి వచ్చింది. లోపల ఫ్రూట్ బిస్కట్లు మాత్రం ఎప్పటిలాగే అమ్ముడుపోయి ఉంటాయి. ఆ కథ విన్నాక మాకు విజయవాడలో గుంటూరు పేరు పెట్టుకునే ధైర్యం కూడా చాలలేదు.

మూడో నెలలో, అలసిపోయిన ఒక క్షణాన, ‘రుచి’ అన్న మాట దగ్గర అందరూ ఏకమయ్యారు. అంత తేలిగ్గా కుదిరిన పేరులో ఏదో లోపం ఉండి తీరాలి కనుక న్యూమరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయనది కల్డియన్ పద్ధతి. బాబిలోనియా పేరు చెప్పుకుని, ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టి, కృష్ణలంకలో ఇడ్లీ అమ్ముడవుతుందో లేదో చెప్పే శాస్త్రం అది. యాభై ఆరు అక్షరాలున్నా మన తెలుగుకు ఆ పట్టికలో చోటు లేదు. ఆర్‌కు 2, యూకు 6, సీకి 3, హెచ్‌కు 5, ఐకి 1 వేసి, ఆయన పెన్ను కింద పెట్టాడు. మొత్తం 17, అంటే 8, అంటే శని. ‘ఇంకో యూ, ఇంకో ఐ చేర్చండి సార్, 24 అవుతుంది, అంటే 6, శుక్రుడు. తిండి వ్యాపారానికి తిరుగుండదు’ అన్నాడు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులోనూ పదిహేడు మందే ఉన్నారని ఎవరికో తట్టడంతో, ముందు జాగ్రత్తగా మా తోడల్లుణ్ణి బయటికి పంపాం. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

‘రుచి’ అన్నది సరుకు గుణం చెప్పే మాట కాబట్టి చట్టంలోని 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుందని వకీలు ఫోన్ చేసేసరికే పేరు ఫ్లెక్సీ షాపుకు చేరిపోయింది. దుకాణం పేరు తెలుగులో ఉండాలన్న నిబంధన ఉంది గదా అని మావాడు పంపిన ఇంగ్లీషు అక్షరాలను అక్కడి కుర్రాడు ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లో కొట్టాడు. రెండు యూలూ రెండు ఐలూ చూసిన కంప్యూటర్ నిజాయితీగా రెండు దీర్ఘాలు తీసింది. ఇప్పుడు కొట్టు మీద పన్నెండు అడుగుల వెడల్పున ‘రూచీ టిఫిన్స్’ అని వెలుగుతోంది. ఇక్కడ కచోరీ దొరుకుతుందా అని ఇద్దరు వచ్చి అడిగి వెళ్ళారు. పొయ్యి ఇంకా రాలేదు.

ఈ మధ్యలో మా దృష్టికి వచ్చిన మరో సంగతి మనసును కలచివేసింది. మా కొట్టుకు నాలుగు గుమ్మాల అవతల, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, పేరన్నదే లేని ఒక తోపుడు బండి ఉంది. జనం దాన్ని ‘ట్రాన్స్‌ఫార్మర్ ఇడ్లీ’ అని పిలుచుకుంటున్నారు. ఇంతకన్నా దిక్కులేనితనం ఉంటుందా? మేము కాదనుకున్న పేర్లు నలభైకి పైగా ఉన్నాయి కదా, ఒకటి ఉచితంగా ఇచ్చి పుణ్యం కట్టుకుందామని, ఒక ఉదయం ఏడున్నరకు జాబితా పట్టుకుని నేనూ మా బావమరిదీ అక్కడికి వెళ్ళాం. మా ముందు పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. వంతు వచ్చాక మావాడు గొంతు సవరించుకుని, ‘మీ బండికి పేరు లేదమ్మా’ అన్నాడు.

ఆవిడ ఇడ్లీపాత్ర మూత తీస్తూ, ‘అల్లం చట్నీ అయిపోయింది బాబూ, పల్లీ చట్నీ వేస్తాను, పర్లేదా?’ అంది.

పర్లేదన్నాం.