జేన్ ఐర్ జీతం లెక్క

షార్లెట్ బ్రాంటే రాసిన ఇంగ్లిష్ నవల ‘జేన్ ఐర్’ పేరెత్తితే చాలు, అందరూ కథానాయిక జేన్ తోటలో తన యజమాని రోచెస్టర్‌ని నిలదీసిన సన్నివేశమే చెబుతారు. బాగుంటుంది, కాదనను. మన సినిమాల్లోనూ హీరోయిన్ ఓ పవర్‌ఫుల్ డైలాగ్ కొడితే స్వతంత్రురాలు అనేస్తాం. కానీ 1847 నాటి ఆ నవలలో జేన్ వ్యక్తిత్వం తెలియాలంటే డబ్బు దగ్గర ఆమె ఎలా ఉందో చూడాలి.

గవర్నెస్‌గా, అంటే రోచెస్టర్ ఇంట్లోనే ఉండి పాపకు చదువు చెప్పే టీచర్‌గా, ఆమె జీతం ఏడాదికి 30 పౌండ్లు. చావుబతుకుల్లో ఉన్న అత్తను చూడటానికి బయల్దేరేనాటికి చేతిలో ఉన్నవి 5 షిల్లింగులు, అంటే పావు పౌండు. రోచెస్టర్ 50 పౌండ్ల నోటు తీస్తాడు. రావాల్సింది 15, చిల్లర లేదంటుంది. అంత డబ్బిస్తే మూడు నెలలు తిరిగి రాదేమోనని ఆయన 10 చేతిలో పెట్టి, చాలదా అంటాడు. చాలు, కానీ ఇంకా 5 బాకీ ఉన్నారు అంటుంది! యజమానితో, అదీ మనసులో ప్రేమిస్తున్న మనిషితో.

రోచెస్టర్‌తో పెళ్లి కుదిరాక ఆయన ఆరు గౌన్లు కొంటానంటే బతిమాలి రెండుకు దించుతుంది. ఆ షాపింగ్ ఆమెకు అవమానంగా తోస్తుంది. తనకంటూ కాస్త ఆస్తి ఉంటే బాగుండునని మదీరా దీవిలో ఉన్న బాబాయికి ఉత్తరం రాస్తుంది. రోచెస్టర్ మొదటి భార్య ఇంకా బతికే ఉందని జేన్‌కు తెలియదు. ఆ ఉత్తరం అందేసరికి ఆ భార్య సోదరుడు బాబాయి దగ్గరే ఉన్నాడు, సంగతి తెలిసి పెళ్లి ఆపడానికి వచ్చాడు. పీటల మీద పెళ్లి ఆగడం అంటామే, అలా చర్చిలో ఆగింది. సొంత డబ్బు కావాలన్న ఆలోచనే ఆమెను దొంగపెళ్లి నుంచి కాపాడింది. విమర్శకులు దీని గురించి మరింత మాట్లాడాలి.

చివరికి బాబాయి ఆస్తి కలిసొచ్చింది, మళ్లీ రోచెస్టర్ దగ్గరికే వెళ్లింది, ఇదేం స్వాతంత్ర్యం అంటారు కొందరు. వచ్చిన 20,000 పౌండ్లను తనూ, మేనత్త పిల్లలు ముగ్గురూ సమంగా పంచుకునేలా చేసి, తన 5,000తో, ఎవరి దయా అక్కర్లేకుండా వెళ్లిందని మరిచిపోతారు.

అసలు చిక్కు చట్టంతో. అప్పటి ఇంగ్లండ్‌లో ముందే ప్రత్యేక ఏర్పాటు చేసుకోకపోతే, పెళ్లయిన మరుక్షణం భార్య డబ్బు భర్తదే. ఆమె సంపాదన ఆమెదేనని చెప్పడానికి 1870 దాకా, ఆస్తి కూడా ఆమెదేనని ఒప్పుకోవడానికి 1882 దాకా పట్టింది. జేన్ అలాంటి పత్రం రాయించుకున్నట్టు నవలలో ఎక్కడా లేదు. షార్లెట్ బ్రాంటే మాత్రం 1854లో తన పెళ్లికి ముందు, పుస్తకాల మీద వచ్చిన డబ్బు భర్త చేతికి పోకుండా ట్రస్టు పత్రం రాయించుకుంది.