సర్వర్ కొనేముందు ఫైళ్లెన్నో అడగండి

కొత్తపట్నంలోనైనా విడవలూరులోనైనా రొయ్యల గుంటలో సెన్సర్ పెట్టించుకునే రైతు కోరేది ఒక్కటే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే ఫోన్ మోగాలి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేసుకోవడానికి టైం ఉండాలి. ఆ ఫోన్ మోగాలంటే ఎక్కడో ఒక సర్వర్ రాత్రంతా సరిగా పనిచేయాలి. చాలావరకు అది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వరే. దాని కొటేషన్‌లో ర్యామ్ ఎంతో, డిస్కు ఎన్ని జీబీలో రాస్తారు. ఏడాదికి ఎన్ని ఫైళ్లు వచ్చి పడతాయో మాత్రం రాయరు. చిన్న ఫైళ్లు దాచే సర్వర్‌కు ముందు తేల్చాల్సింది ఆ సంఖ్యే అని నా అభిప్రాయం.

లెక్క వేసి చూద్దాం. 200 సెన్సర్లు, ఐదు నిమిషాలకో రీడింగ్, రీడింగ్‌కో ఫైలు అనుకుందాం. రోజుకు 57,600 ఫైళ్లు, ఏడాదికి 2 కోట్ల 10 లక్షలు. ఒక్కో ఫైలు ఒక కేబీ అనుకుంటే, 100 జీబీ డిస్కు నాలుగేళ్లు సరిపోతుందని ఎవరైనా అంటారు. నిజానికి అది నాలుగు నెలలు కూడా రాదు.

పొలానికి అడంగల్ ఎలాగో ఫైలుకు ఐనోడ్ అలాగ. ఫైలు ఎవరిది, ఎంత సైజు, డిస్కులో ఎక్కడుంది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఐనోడ్ లేకుండా ఫైలు లేదు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను సర్దే పద్ధతి) ఈ ఐనోడ్లన్నిటినీ డిస్కును ఫార్మాట్ చేసిన రోజే లెక్కగట్టి కేటాయిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే 16 కేబీల జాగాకు ఒకటి చొప్పున ఇస్తుంది. అంటే 100 జీబీకి సుమారు 65 లక్షలు. మన సెన్సర్లు వాటిని 114 రోజుల్లోపే వాడేస్తాయి. డిస్కు జాగాను 4 కేబీల బ్లాకులుగానే ఇస్తారు, ఒక కేబీ ఫైలు కూడా ఒక బ్లాకు మొత్తం ఆక్రమిస్తుంది కాబట్టి అప్పటికి నిండేది పావు డిస్కు. ముప్పావు వంతు ఖాళీగా ఉండగానే ‘జాగా లేదు’ అని సర్వర్ రాయడం ఆపేస్తుంది. డిస్కులో ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే జాగా కనిపిస్తూనే ఉంటుంది. దానికి మైనస్ ఐ (-i) చేరిస్తేనే ఐనోడ్లు వంద శాతం అయిపోయాయని తెలుస్తుంది. ఈ టెన్షన్ అర్ధరాత్రి వస్తే నష్టపోయేది గుంట మీదున్న రైతు.

ఫార్మాట్ చేసేటప్పుడే 4 కేబీలకో ఐనోడ్ అడిగితే అదే డిస్కుకు 2 కోట్ల 62 లక్షలు వస్తాయి. ఆ ఐనోడ్ల పట్టికకు 6 జీబీ పైచిలుకు పోతుంది, పోనివ్వండి. ఎక్స్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ అయితే ఐనోడ్లను అవసరం కొద్దీ పుట్టిస్తుంది, ఇలాంటి పనికి నేను దాన్నే ఎంచుకుంటాను. ఫైలు చదివినప్పుడు ఆ సమయం రాసుకోకుండా నోఏటైమ్ అనే సెట్టింగు పెట్టడం, గుంటకో ఫోల్డర్, అందులో రోజుకో ఫోల్డర్ చేయడం కూడా మంచిదే.

ఇంతకన్నా పెద్ద మేలు సెట్టింగుల్లో లేదు. ఒక సెన్సర్ రోజంతా ఇచ్చే 288 రీడింగులను ఒకే ఫైల్లో వరసగా రాస్తే ఏడాదికి 73 వేల ఫైళ్లతో సరిపోతుంది. డేటాబేస్‌లో పెడితే ఇంకా తేలిక. బ్యాకప్ తీసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం ప్రతి ఫైలునూ విడిగా పలకరించాలి, రెండు కోట్ల ఫైళ్లయితే కొత్తగా కాపీ చేసేది ఏమీ లేకపోయినా చాలాసేపు తిరుగుతుంది.

అన్ని చోట్లా ఈ జాగ్రత్త అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైట్ పలకల ఫొటోలు దాచే సర్వర్‌లో ఒక్కో ఫొటో కొన్ని ఎంబీలు ఉంటుంది. వాటి పక్కన చిన్న నమూనా బొమ్మలు పెట్టినా సగటు 16 కేబీలకు చాలా పైనే ఉంటుంది కనుక మామూలు ఫార్మాట్ చాలు. సగటు సైజు తెలియకుండా సెట్టింగు మార్చడం కూడా తప్పే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు దారులు తక్కువ. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ల సంఖ్యను విడిగా పెంచలేం. ఎల్‌వీఎం (డిస్కులను కలిపి ఒకే జాగాగా వాడనిచ్చే ఏర్పాటు) మీద ఉంటే ఇంకో డిస్కు చేర్చి ఫైల్ సిస్టమ్‌ను పెద్దది చేయొచ్చు, అదే నిష్పత్తిలో ఐనోడ్లూ పెరుగుతాయి. లేదంటే పాత రీడింగులను రోజువారీ ఫైళ్లుగా కలిపి, సరిచూసుకుని, చిన్నవాటిని చెరిపేయాలి. ఆ పని పంటకూ పంటకూ మధ్య గుంటలు ఎండగట్టినప్పుడు పెట్టుకుంటే రైతుకు ఇబ్బంది ఉండదు.