మధ్య డెక్కులోంచి ఒక మనవి

మహారాజశ్రీ వైబ్రేటింగ్ స్క్రీన్ గారి దివ్యసముఖమునకు,

ఊగుతూ కంకర రాళ్ళను సైజుల వారీగా జల్లించే యంత్రరాజమైన మీకు, కంకర క్రషర్‌లో మెయింటెనెన్స్ చూసుకునే నేను నమస్కరించి రాసుకునే మనవి. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నిన్న రాత్రి మీ మధ్య డెక్కులోంచి, అంటే మధ్య అంతస్తులోంచి, బయటపడ్డాక నా కుడి మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాను కాబట్టి ఆ మాట రాయడం లేదు.

మీ వంశం గొప్పదే. మా అమ్మమ్మ పిండి జల్లించుకున్న జల్లెడకు మీరు స్వయానా మనవలు. ఆవిడ జల్లెడకు చేతులే మోటారు, మణికట్టే బేరింగు. చిల్లి పడితే సంతలో ఇంకోటి కొనేది, అంతే. మీరు పెద్దింటివాళ్ళయ్యారు. మూడంతస్తుల మేడ, నాలుగు మూలలా స్ప్రింగులు, నిమిషానికి 900 ఊపులు. పది గంటల షిఫ్టుకు లెక్కేస్తే 5,40,000. ఊపుకు పది మిల్లీమీటర్లు. భూమ్యాకర్షణకు నాలుగున్నర రెట్ల విసురు. అలా ఊగేవాళ్ళ ఒంటి మీద నట్టు వదులవుతుంది, రాళ్ళను జల్లించే ఇనప తీగల జాలి తెగుతుంది. అది మీ తప్పు కాదు, ఊగడం మీ వృత్తి. నా గొడవల్లా ఒక్కటే. తెగుతుందని పుట్టినరోజే తెలిసిన జాలిని, మనిషి చెయ్యి దూరని చోట ఎందుకు పెట్టుకున్నారు?

నిన్న సాయంత్రం ఏడింటికి 20 ఎంఎం కుప్పలో నిమ్మకాయంత రాళ్ళు కనబడ్డాయి. మధ్య జాలి పోయిందని అర్థమైంది. ఆపాం. మీరు ఆపితే మర్యాదగా ఆగరు కదా, ఊపు తగ్గుతూ స్ప్రింగుల లయ దగ్గరికి రాగానే ఒకసారి పూనకం వచ్చినట్టు ఊగి, అప్పుడు ఆగుతారు. ప్యానెల్ బోర్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకొని పైకెక్కాను.

జాలి మార్చడం నిజానికి అరగంట పని. రెండు వైపులా కొక్కేల అంచులు, వాటిని పక్కకు లాగిపట్టే పట్టీలు, ఒక్కో పట్టీకి ఐదు బోల్టులు. తీగలు వీణలా బిగుతుగా ఉండాలి. ఎక్కడ వదులుంటే అక్కడ కింది దూలానికి టపటపా కొట్టుకుని తెగుతుంది. ఇదంతా మాకు తెలుసు. మిగతా మూడు గంటలు జాలి దగ్గరికి వెళ్ళడానికే సరిపోయాయి. డెక్కుకూ డెక్కుకూ మధ్య అడుగున్నర ఖాళీ. ముందు వైపు నుంచి దూరదామంటే రాళ్ళు జారే చూటును అడ్డంగా వెల్డింగ్ చేసి పెట్టారు. దానికి చక్రాలు పెట్టి పక్కకు దొర్లేలా చేస్తే మీ పరువేం పోతుంది? పైగా బోల్టు తల లోపల, నట్టు బయట. బయట ఒకరు 30 నంబర్ పానాతో తిప్పుతుంటే, లోపల ఒకరు తల తిరక్కుండా పట్టుకోవాలి. లోపలికి మా ఒడిశా కుర్రాడు వెళ్తాడు. వాడికి అనుభవం ఉందని కాదు, సన్నగా ఉన్నాడని. నిన్న వాడు సెలవులో ఉన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

బోల్టు తల కదలకుండా లోపల ఒక చిన్న గూడు కట్టి ఉంటే ఆ రెండో మనిషే అక్కర్లేదు. బోల్టు బదులు చీల పెట్టినా సుత్తితో నాలుగు దెబ్బలకు పని అయిపోతుంది. మీ బంధువుల్లో అడుగు చదరం పాలీయురేతేన్ (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) పలకలు తొడుక్కునేవాళ్ళున్నారు. అరిగిన పలక ఒక్కటే పీకి కొత్తది నొక్కితే చాలు. కాకపోతే ఖరీదెక్కువ, రంధ్రాల చోటు తక్కువ, రాయి తక్కువ దిగుతుంది. మా ఓనరు గారికి ఆ చివరి మాట ఒక్కటే వినబడింది.

ఇక తిరిగే బెల్టులో ఎవరి చెయ్యీ పడకుండా కప్పే మూత, అదే బెల్టు గార్డు, దాని సంగతి. దానికి 14 బోల్టులు. మొదటిసారి 14 విప్పి 14 బిగించాం. రెండోసారి తొమ్మిది. ఇప్పుడు గార్డు గోడకు ఆనించి ఉంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నారు. ప్రాణం కాపాడాల్సిన వస్తువు దండేనికి బదులు పనికొస్తోంది. ఒక మడతబందు, పానాతో తీసే ఒక్క గడియ పెట్టి ఉంటే అది ఈరోజుకీ బెల్టు మీదే ఉండేది. బేరింగుకు గ్రీజు ఎక్కించే మొన, గ్రీజు నిప్పిల్, ఇంకా ఘనం. ఒకటి చేతికందుతుంది, రెండోది చక్రం వెనక దాక్కుంటుంది. అందినదానికి రోజూ విందు, అందనిదానికి ఉపవాసం. బేరింగు గ్రీజు లేక వేడెక్కుతుంది, ఎక్కువైనా వేడెక్కుతుంది. రెండింటికీ చిన్న గొట్టాలు వేసి బయటికి తెచ్చి ఉంటే సరిపోయేది.

బూత్రాయిడ్, డ్యూహర్స్ట్ అని ఇద్దరు అమెరికాలో ఇదే విషయం మీద, అంటే భాగాలు తగ్గించి బిగింపు సులువయ్యేలా వస్తువులను గీయడం మీద, పనిచేశారు. 1991లో వాళ్ళకు అక్కడి నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చారు. ప్రతి భాగాన్నీ వాళ్ళడగమన్న ప్రశ్నలు మూడు. పక్కదాంతో పోలిస్తే ఇది కదులుతుందా? వేరే పదార్థంతోనే చేయాలా? విడిగా లేకపోతే బిగించడం, విప్పడం కుదరదా? మూడింటికీ కాదని వస్తే అది విడిగా ఉండక్కర్లేదు. ఆ 14 బోల్టులను వరసగా నిలబెట్టి అడిగాను. తలలు దించుకున్నాయి.

అలాగని అన్నీ కలిపి వెల్డింగ్ కొట్టేయమనే ఓనరు గారి సలహా వినకండి. మీ పక్క పలకకు వేడి తగిలితే, ఆ చోటే కొన్నాళ్ళకు వెంట్రుకంత పగులు మొదలై అడుగంత అవుతుంది. అడ్డ దూలాలకు మంచి బోల్టులే దిక్కు. తగ్గించాల్సిన బోల్టులు వేరు, ఉండాల్సినవి వేరు. మీ బొమ్మ గీసినాయనకు ఆ తేడా తెలియాలి. మీ డ్రాయింగ్ మూడుసార్లు చూశాను. రాయి ఎటు వస్తుందో, ఎటు పోతుందో బాణం గుర్తులున్నాయి. మనిషి ఎటు దూరాలో ఒక్క బాణం లేదు.

మిమ్మల్ని తయారుచేసినవాళ్ళ మనిషి పోయిన నెల వచ్చి, కింద నిలబడి తలెత్తి చూసి, మా మెయింటెనెన్స్ బాగాలేదన్నాడు. జల్లెడ సూదిని చూసి నీకు చిల్లి ఉందన్నదట. టీ ఇచ్చి, ఒకసారి మధ్య డెక్కులోకి దూరి చూపించమన్నాను. తన చొక్కా తెల్లగా ఉందని చెప్పాడు.

ఇంకా చాలా ఉంది గానీ, పైనుంచి ఏదో ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్న చప్పుడు వస్తోంది. ఎడమ వైపు పట్టీ, మూడో బోల్టు అనుకుంటాను. కుర్రాడు రేపు గానీ రాడు. వస్తున్నాను, ఉండండి.

ఇట్లు,
తమరి సేవలో,
ఇంకాస్త సన్నబడాల్సిన మెయింటెనెన్స్ మనిషి