304 – హిడింబి

మా అపార్టుమెంటులో నోటీసులన్నీ నేనే రాస్తాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పదేళ్ళ కిందట ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటకి పొంగిపోయినందుకు జీతం లేని ఈ ఉద్యోగం తగులుకుంది. ప్రింటు తీయిస్తే పోయేదానికి "దండగ ఖర్చెందుకండీ, మీరుండగా" అంటారు సెక్రటరీగారు. ఆ "మీరుండగా"లో ఏదో మందుంది, నేను మళ్ళీ పెన్ను తీస్తాను.

ఆ గురువారం సాయంత్రం కూడా అలాగే ఒకటి రాశాను. "ఆదివారం ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు ట్యాంకు కడుగుతారు. నీళ్ళు పట్టి ఉంచుకోగలరు." సగంలో పెన్ను ఎండిపోయింది. విదిలించి, ఊది, నోట్లో పెట్టి, ఎలాగో ముగించాను గానీ అక్షరాలు బొత్తిగా వెలిసిపోయినట్టు వచ్చాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వాకింగు నుంచి వచ్చేటప్పుడు వాచ్‌మన్‌కి ఇద్దామనుకున్నాను. అదిగో, అక్కడే నా జాతకం తిరగబడింది.

ఆ రోజు విజయనగరం నుంచి మా బావ విశాఖ వచ్చాడు. స్కూల్లో తెలుగు మాస్టారు. జేబులో ఎర్ర పెన్ను, నోట్లో పాత సినిమా, రెండూ లేకుండా మనిషి బయటికి రాడు. ఇద్దరం ఎంవీపీ కాలనీ నుంచి ఆర్కే బీచికి వెళ్ళి, కురుసుర జలాంతర్గామి ఎదురుగా గోడ మీద కూర్చున్నాం. చెరో మురీ మిక్చరు పొట్లం. ఉల్లిపాయ ఎక్కువ వేయమంటే నిమ్మకాయ ఎక్కువ పిండాడు. ఇక్కడ బండివాళ్ళకి మన మాటకన్నా వాళ్ళ చెయ్యి ముఖ్యం.

బావ జలాంతర్గామిని తేరిపార చూసి, "పాపం, దీనికి వేషం తప్పిపోయింది బావా" అన్నాడు.

"అదేమిటి?"

"1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, హాయిగా నీళ్ళలో విశ్రాంతి తీసుకోవాల్సిన మనిషిని ఇసకలోకి లాగి, టిక్కెట్టు పెట్టి, పిల్లల చేత లోపలంతా తొక్కిస్తున్నారు. ఇంతకన్నా తప్పుడు వేషం ఉంటుందా?"

ఇలా మొదలైంది ఆట. ఒక సినిమా అనుకోవాలి, దాన్ని మళ్ళీ తీస్తున్నాం అనుకోవాలి, ఏ వేషానికి ఎవరు బొత్తిగా పనికిరారో వాళ్ళకే ఆ వేషం ఇవ్వాలి. మేం 'మాయాబజార్' అనుకున్నాం. తెలుగువాడు ఇంకేం అనుకుంటాడు! రంగారావుగారి గద రమణారెడ్డిగారికిచ్చాం. గదని ఆయన మోస్తున్నారో, ఆయన్ని గద మోస్తోందో తెలియక మార్కస్ బార్ట్లే కెమెరా పక్కన పెట్టేశాడు. రంగారావుగారికి అభిమన్యుడి వేషమిచ్చి పున్నమి రాత్రి పడవెక్కించాం. పడవ ఆయన వైపు దిగి, శశిరేఖ వైపు గాల్లోకి లేచింది. పల్లవి అవకుండానే అంతా నీళ్ళపాలు. గుమ్మడిగారి బలరాముణ్ణి రేలంగికిచ్చాం. బలరాముడికి కోపం వచ్చినప్పుడల్లా సభంతా నవ్వుతోంది.

బావ దీనికో సూత్రం కూడా చెప్పాడు, మాస్టారు కదా. ఊరికే తప్పు మనిషిని పెడితే నవ్వు రాదట, తప్పులో ఒక పిసరు న్యాయం ఉండాలట. "సముద్రం వేషం కొబ్బరికాయకి ఇస్తే ఏముంది? మీ మునిసిపల్ కుళాయికి ఇవ్వు, అప్పుడు నవ్వొస్తుంది."

"ఇవన్నీ మన ఊహలు. నిజంగా ఇలాంటివి ఎవరు చేస్తారులే" అన్నాను.

"చేయకేం! 1956లో హాలీవుడ్ వాళ్ళు చెంఘిజ్ ఖాన్ సినిమా తీశారు. చెంఘిజ్ ఖాన్ ఎవరనుకున్నావు? జాన్ వేన్. పిస్తోలు పెట్టుకుని గుర్రమెక్కే కౌబాయ్! మీసాలు కిందికి దించి, మంగోలియా ఏలుకోమన్నారు."

పొట్లం అడుగున మిగిలిన పల్లీలు ఏరుకుంటూ ఇంకో మాట కూడా చెప్పాడు. అదే ఏడాది మన దగ్గర 'సొంతవూరు' అనే సినిమాలో రామారావుగారు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదట. అందుకని 'మాయాబజార్'లో కృష్ణుడి వేషం అంటే ఆయనే వెనకాడారట. కె.వి.రెడ్డిగారు వదిలిపెట్టలేదు. 1957లో ఆ కిరీటం పెట్టుకుని నిలబడ్డాక, కృష్ణుడంటే ఇలాగే ఉంటాడని జనం తీర్మానం చేసేశారు. మా అమ్మ దేవుడి గూట్లో ఉండే కృష్ణుడి పటానికి సరిగ్గా ఆ బుగ్గలే. చిన్నప్పుడు నాకు అనుమానం వచ్చి అడిగితే నెత్తిన మొట్టికాయ పడింది.

నాకు మాత్రం వేరే బాధ ఉంది. 'మరోచరిత్ర' 1978లో మా ఊళ్ళోనే తీశారు. ఈ సముద్రం, ఈ ఇసక, ఆ భీమిలి రోడ్డు, అన్నీ అందులో వేషాలు కట్టినవే. అదే కథని బాలచందర్‌గారే 1981లో హిందీలో తీసి, గోవాలో జరిగినట్టు పెట్టారు. సరిత వేషం ఇంకొకరికిచ్చారు, సరే, ఎవరూ నొచ్చుకోలేదు. మా ఊరి వేషం గోవాకిస్తారా? మా కెరటం ఏం తక్కువ నటించింది?

చీకటి పడింది. ఔటర్ హార్బరు వైపు ఓడల దీపాలు వెలిగాయి. ఇంటికి పోదామని లేస్తుంటే బావ ఆ పాడు మాట అన్నాడు.

"సినిమావాళ్ళెందుకు బావా, మీ అపార్టుమెంటువాళ్ళకి పంచు వేషాలు."

జేబులో చెయ్యి పెడితే నోటీసు కాగితం తగిలింది. వెనకవైపు ఖాళీ. బావ ఎర్ర పెన్ను అందించాడు. "పాత్రలు – పాత్రధారులు" అని ఠీవిగా శీర్షిక పెట్టి, కింద గీత కూడా కొట్టాను. పేర్లు రాస్తే బాగుండదని ఫ్లాట్ నంబర్లు రాశాను. ఆ మాత్రం సంస్కారం నాకుంది.

ఘటోత్కచుడు 203. ఇన్సూరెన్సు ఏజెంటు. గాలి గట్టిగా వీస్తే లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడతాడు. శశిరేఖ 102, బామ్మగారు, ఎనభై నిండాయి. అభిమన్యుడు 305. నేవీలో ఓడలు నడిపి రిటైరయిన పెద్దమనిషి. మా సెల్లారు పార్కింగులోకి కారు దూర్చడం ఆయనకి వచ్చు, బయటికి తీయడం రాదు. రోజూ పొద్దున్న నలుగురు కౌరవులు చుట్టూ చేరి "కొంచెం లెఫ్టు, కొంచెం లెఫ్టు" అంటూ ఉంటారు. ఎవరింట్లో ఏం జరుగుతోందో కూర్చున్నచోటే చూపించే ప్రియదర్శిని పెట్టె 201. ఆవిడ ముందు సీసీ కెమెరా దండగ. ఎక్కినవాడి చేత నిజం కక్కించే సత్యపీఠం 401, అంటే మన సెక్రటరీగారు. జనరేటరు డీజిలు లెక్క అడిగి ఆయన నోట ఇంతవరకూ నిజం విన్నవాడు లేడు.

"మరి హిడింబి?" అన్నాడు బావ.

నవ్వుల ఊపులో ఉన్నాను. చెయ్యి ఆగలేదు. 304 అని రాసేశాను.

304 మా ఫ్లాటు.

ఇంటికొచ్చి ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. కాగితం వాచ్‌మన్ చేతిలో పెట్టి "లిఫ్టు పక్కన బోర్డుకి అంటించు" అన్నాను. మర్నాడు తెల్లవారుజామునే నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ శ్రీకాకుళం పెళ్ళికి బయల్దేరాం. శనివారం అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చాం. కళ్ళు మూతలు పడుతుంటే బోర్డు ఎవరు చూస్తారు?

ఆదివారం ఉదయం ఏడింటికి తలుపు దబదబా బాదిన చప్పుడు. తీస్తే ఘటోత్కచుడు. నడుముకి తువ్వాలు, ఒళ్ళంతా సబ్బు నురగ, ఒక కన్ను మూసుకుపోయి ఉంది.

"నీళ్ళేవండీ?"

"ట్యాంకు కడుగుతున్నారు కదండీ. నోటీసు పెట్టాం కదా!"

"ఏ నోటీసు? బోర్డు మీద నాటకం కాగితం తప్ప ఏమీ లేదే!"

మెట్ల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తాను. బోర్డు మీద, నాలుగు మూలలా టేపు వేసి, ఎర్ర సిరాలో, ముత్యాల్లాంటి నా అక్షరాలు. రెండు రోజులుగా ఉన్నాయి. కింద ఎవరో పెన్సిలుతో "103కి ఏ వేషమూ లేదా?" అని కూడా రాశారు.

వాచ్‌మన్‌ని పిలిచి అడిగాను. టెక్కలి వైపు మనిషి, నెమ్మదిగా తల గోక్కున్నాడు. "నానేటి సేసేది బావూ! అటేపు సూస్తే అచ్చరాలు అవుపళ్ళేదు. ఇటేపు ఎర్రగా పిలాటు నెంబర్లు రాసున్నాయి. మెయింటినెన్సు ఇవ్వనోళ్ళ లిస్టు అనుకున్నాను. పెతి నెలా అద్దే కదేటి అంటించేది!"

అతని తప్పు ఇసుమంత లేదు. నేనయినా అలాగే అనుకుందును.

మధ్యాహ్నానికి ట్యాంకరొచ్చింది. బిందెలు, బకెట్లు, ప్రెషర్ కుక్కర్లు పట్టుకుని అపార్టుమెంటంతా కిందికి దిగింది. ఆ క్యూలో నేను నిలబడ్డ గంటన్నరా నాకు ఏడాదిలా గడిచింది. ఎవరూ ఏమీ అనరు. అందరూ నన్ను చూసి నవ్వుతారు. 201 ఆవిడయితే పెట్టె మూత తీసినట్టు నెమ్మదిగా నవ్వింది. సాయంత్రం ఆరింటికి టెర్రస్ మీద అర్జెంటు మీటింగు అని కబురు.

వెళ్ళేసరికి కుర్చీలు వేసి ఉన్నాయి, టీ కూడా ఉంది. తిట్టేవాళ్ళు టీ పెట్టరే అని కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడు తెలిసింది. వినాయక చవితికి కమిటీ నాటకం వేయిస్తోందని, ఇవి ఖాయం చేసిన వేషాలనీ అందరూ నమ్మేశారు! ఒక్కరు కూడా వెటకారం అనుకోలేదు.

203 అయితే రెండు రోజులుగా పూటకి నాలుగు గుడ్లు తింటున్నాడట. "వినాయక చవితికి ఎంత లావెక్కాలో చెప్పండి సార్" అన్నాడు. పక్కనే వాళ్ళావిడ నన్ను చూసిన చూపులో గుడ్ల ధర కనిపించింది.

305 పెద్దాయన లేచి, "ఈ నాటకంలో నేను పద్మవ్యూహంలో చచ్చిపోవాలా?" అని మిలిటరీ పద్ధతిలో అడిగారు.

"లేదండీ, ఇందులో అంతదాకా రాదు. మీకు పెళ్ళవుతుంది."

"ఎవరితో?"

"102తో."

టెర్రస్ మీద కాసేపు గాలి శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు.

102 బామ్మగారే ఆ నిశ్శబ్దం పటాపంచలు చేశారు. "అది తర్వాత చూద్దాం గానీ నాయనా, నాది అసలు శశిరేఖా, మాయా శశిరేఖా? ఉత్త శశిరేఖయితే నేను చెయ్యను. ఏడుస్తూ కూచోడం తప్ప ఏముంది అందులో? మాయా శశిరేఖ కావాలి. ఒంట్లో ఘటోత్కచుణ్ణి పెట్టుకుని సావిత్రి ఎలా నడిచిందీ! మా నాన్న మూడుసార్లు తీసుకెళ్ళాడు నన్ను." అంటూ చేతికర్ర పక్కన పెట్టి, భుజాలు విరిచి, అడుగు బరువుగా వేస్తూ నాలుగడుగులు నడిచి చూపించారు. నేను నోరు తెరిచాను. పనికిరాదని ఇచ్చిన వేషం, కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. బావ సూత్రం ఇక్కడ దెబ్బతింది.

సెక్రటరీగారు మాత్రం మొహం ముడుచుకుని కూర్చున్నారు. "అందరికీ వేషాలిచ్చి నాకు పీట ఇస్తారేంటండీ? అంటే నన్ను తొక్కుతారా?"

"సత్యం పలికించే పీటండీ" అన్నాను.

"అదే ఎందుకూ అని?"

ఈ ప్రశ్నకి జవాబు అక్కడున్న ఇరవై మందికీ తెలుసు. అందరూ ఒక్కసారే టీ కప్పుల్లోకి చూశారు.

గట్టెక్కానురా దేవుడా అనుకుంటూ మెట్లు దిగి, 304 తలుపు తీశాను. సోఫాలో మా ఆవిడ ఈ చివర, మా అత్తగారు ఆ చివర. మధ్యలో బల్ల మీద ఆ కాగితం.

"304 హిడింబి" అని చదివింది మా ఆవిడ, చాలా మెత్తగా. "ఇంతకీ 304 అంటే నేనా, అమ్మా?"

మీరే చెప్పండి, దీనికి జవాబుందా? నువ్వు అంటే ఈ పూట నుంచి వంటింట్లో గిన్నెలు మోగుతాయి. అత్తగారు అంటే రెండు జతల గిన్నెలు మోగుతాయి. మా అత్తగారు తలెత్తలేదు. కళ్ళజోడు చీరకొంగుతో తుడుచుకుంటున్నారు. ఆవిడ ఏదైనా అనేముందు కళ్ళజోడు తుడుచుకోవడం నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

"నేనే!" అన్నాను. "హిడింబి నేనే కడుతున్నాను. మగవాడు ఆడవేషం కడితే అదో సరదా కదా అని... తప్పుడు వేషం కదా అని..."

మా ఆవిడ నన్ను నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకుంది, అది ఇంకా ప్రమాదం. అత్తగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని నన్ను కిందనుంచి పైదాకా చూశారు. లోపలికి వెళ్ళి తన జరీచీర ఒకటి, కుట్టుమిషను పెట్టెలోంచి టేపు పట్టుకొచ్చారు.

"చేతులెత్తండి" అన్నారు.

ఛాతీ కొలిచి, పెదవి విరిచి, రెండు బెత్తెలు ఎక్కువే పెట్టుకున్నారు. తర్వాత నన్ను హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిపించారు. మూడోసారి తిరిగేటప్పటికి వీడియో తీస్తూ మా ఆవిడ, వీడియో కాల్లో బావ, వాడి వెనక వాళ్ళ స్టాఫ్ రూము సగం.

"అలా కాదు అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. "సూర్యకాంతంగారి హిడింబిని ఎప్పుడూ చూళ్ళేదా మీరు? కుడిచెయ్యి కాదు. ఎడం చెయ్యి. ఎడం చెయ్యి తిప్పాలి."