బండికి రాష్ట్రీయత కావాలి

మనిషికి జాతీయత ఉన్నట్టే ఈ దేశంలో బండికి రాష్ట్రీయత ఉంటుంది. బెంగళూరు నుంచి మాదాపూర్‌కు మారినవాడు ఆ సాయంత్రమే ఇరానీ చాయ్ తాగి హైదరాబాదీ అయిపోవచ్చు. అతని కారుకు కూడా అంత స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ముందే పసిగట్టింది. పరాయి రాష్ట్రంలో 12 నెలలు దాటితే కొత్త నంబరు తీసుకోవాల్సిందేనని 47వ సెక్షన్ చెబుతోంది. అది రిజిస్ట్రేషన్ గడువు మాత్రమే, బండి జీవితకాలానికి ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ లెక్క వేరు. ఎప్పుడొచ్చావని రోడ్డు మీద అడిగితే నోటిమాట చెల్లదు కనుక సరిహద్దు దాటిన రోజు ఫాస్టాగ్ రసీదును భద్రంగా దాచుకోండి.

స్వదేశీ, విదేశీ తేడా కనిపెట్టడం కూడా ఒక విద్యే. ఏపీ 36 వరంగల్‌ది, కనుక మన తెలంగాణది. దాని పక్క నంబరు ఏపీ 37 పశ్చిమ గోదావరిది, కనుక విదేశీ. ఏపీ 09 ఖైరతాబాద్‌లో పుట్టిన పాతకాపు, ఏపీ 39 మాత్రం పరాయి. 2014లో టీఎస్, 2024 మార్చిలో టీజీ వచ్చాక ఒకే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడు యుగాలు పక్కపక్కనే పార్కు చేసి ఉంటున్నాయి.

బండిని తెచ్చుకోవాలంటే ముందు పాత రాష్ట్రంలో ఫారం 28 పెట్టి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, చలాన్లన్నీ కట్టేసి ఉండాలి. లోన్ ఉంటే బ్యాంకు అనుమతి లేఖ కూడా కావాలి. ఎన్‌ఓసీ మీద ఏ ఆర్టీఏకో రాసి ఉంటుంది. ఉండేది మలక్‌పేటలో, రాయించుకున్నది ఖైరతాబాద్‌కు అయితే పాత రాష్ట్రాన్ని మరోసారి దర్శించుకునే పుణ్యం దక్కుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టేనని 48వ సెక్షన్ భరోసా ఇస్తోంది. ఆ ‘ఇచ్చినట్టే’ని ఏ కాగితం మీద ప్రింటు తీసి కౌంటర్లో చూపించాలో మాత్రం చెప్పదు.

అసలు కళంతా ఫారం 28 మీద పెట్టాల్సిన పెన్సిల్ ప్రింట్‌లో ఉంది. చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలూ అంకెలూ కలిపి 17 తేలాలి. తుప్పు పట్టిన చోట 8 కాస్తా 3 అవుతుంది, మీ బండి ఇంకెవరిదో అవుతుంది. కిరోసిన్ గుడ్డతో తుడవండి గానీ ఇసుక కాగితం జోలికి వెళ్లకండి. మెరిసే నంబరును చూస్తే ఇన్‌స్పెక్టర్‌కు దిద్దుబాటే గుర్తొస్తుంది.

ఆ తర్వాత ఇక్కడ కొత్త నంబరు కోసం ఫారం 27, అడ్రసు ప్రూఫ్, స్లాట్, బండి తనిఖీ. ఇవన్నీ మంగళవాద్యాలే, ముహూర్తం లైఫ్ ట్యాక్స్‌ది. అది కట్టాక కొత్త నంబరు, కొత్త హై సెక్యూరిటీ ప్లేటు వస్తాయి. ఇన్సూరెన్స్‌లోనూ ఫాస్టాగ్‌లోనూ నంబరు మార్పించడం మరవకండి. పాత నంబరుతో పాలసీ ఉంటే యాక్సిడెంట్ క్లెయిమ్ నాడు మీరే రెండు బండ్లూ ఒకటేనని వాదించుకోవాలి.

ఇంత తపస్సు అక్కర్లేని పుణ్యాత్ములూ ఉన్నారు. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేని బీహెచ్ (భారత్) సిరీస్ 2021లో వచ్చింది. అది ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేక అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల సిబ్బందికి ఉద్దేశించింది. వాళ్లు ట్యాక్స్ రెండేళ్లకోసారి కడతారు. నెల్లూరు నుంచి అమీర్‌పేటకు మారిన టిఫిన్ సెంటర్ యజమానికి ఆ యోగం లేదు. ఆయనకు నాలుగు రాష్ట్రాల్లో బ్రాంచీలు లేకపోవడం ఆయన తప్పే.

మిగిలింది రీఫండ్. పాత రాష్ట్రానికి కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో వాడని కాలానికి సొమ్ము తిరిగి అడగొచ్చు. అయితే బండి నిజంగా వెళ్లిపోయిందని కొత్త ఆర్సీ చూపించాలి, కొత్త ఆర్సీ కావాలంటే ఇక్కడ ట్యాక్స్ ముందే కట్టాలి. అంటే ఒకే కారుకు రెండు రాష్ట్రాల్లో పన్ను కట్టిన దేశభక్తుడిగా కొంతకాలం మీరు వెలుగుతారు. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి, పాత ట్యాక్స్ రసీదుకు రెండు జిరాక్సులు తీసి ఉంచుకోండి. ఒకటి ఫైల్లో పెడతారు, రెండోది ఆ ఫైలు కనిపించనప్పుడు పనికొస్తుంది.