ఘాజీ ఎలా మునిగిందో విశాఖకు చెప్పండి

విశాఖ హార్బర్‌కు ఎదురుగా, ఒడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, సముద్రం అడుగున పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పడి ఉంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటిన కాసేపటికి అది పేలి మునిగింది, లోపలున్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఈ కథ మీద సినిమాలు వచ్చాయి, ఏటా డిసెంబర్ 4న నేవీ డే రోజున టీవీల్లో మళ్లీ మళ్లీ చెప్తారు, 1971 భారత్-పాక్ యుద్ధ విజయానికి గుర్తుగా ఆర్కే బీచ్‌లో స్మారకం కూడా ఉంది. కానీ అది అసలు ఎలా మునిగింది అని అడిగితే ఇదీ సంగతి అని తేల్చి చెప్పే కాగితం ఒక్కటీ ప్రజల ముందు లేదు. ఇది మారాలి, మార్చాల్సింది రక్షణ శాఖే అని మా అభిప్రాయం.

ఘాజీ మొదట అమెరికా నేవీది, అప్పుడు దాని పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. అంత దూరం చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల సత్తా పాకిస్తాన్ సబ్‌మెరైన్లలో దానికొక్కదానికే ఉండేది. 1971 నవంబర్ 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో కరాచీ నుంచి రహస్యంగా బయలుదేరింది, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను ముంచడం దాని ప్రధాన లక్ష్యం. అప్పటికే విక్రాంత్ బాయిలర్‌లో పగుళ్లు వచ్చి పూర్తి స్పీడు అందుకోలేని స్థితిలో ఉంది, అలాంటి ఓడ సబ్‌మెరైన్ కంట పడితే తప్పించుకోవడం చాలా కష్టం.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఆడిన ఎత్తు ఇక్కడే ఉంది. విక్రాంత్‌ను చడీచప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ (వేగంగా వెళ్లే యుద్ధనౌక) ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్, ఇక పక్కన పెట్టేద్దామనుకున్న ఓడ, దానికి విక్రాంత్ వేషం వేశారు. పెద్ద ఓడ నుంచి మాత్రమే వచ్చేంత వైర్‌లెస్ ట్రాఫిక్ నడిపారు. ఊళ్లో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు, రేషన్ పెద్ద మొత్తంలో ఆర్డర్ పెట్టారు, ఎక్కడైనా గూఢచారులు ఉంటే ఆ కబురు తప్పకుండా మోసుకెళ్తారని. విక్రాంత్‌లోని ఒక నావికుడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతున్నట్టుగా, ఏ కోడూ లేకుండా మామూలు టెలిగ్రాం ఒకటి పంపారు. ఎవరైనా వింటే నిజమే అనుకోవాలి, అంతే. ఘాజీ విశాఖ వాకిట్లోకి వచ్చింది.

ఆ తర్వాతే చిక్కు. డిసెంబర్ 3 రాత్రి రాజ్‌పుత్ హార్బర్ దాటుతుండగా నీళ్లలో అలజడి కనిపించి రెండు డెప్త్ ఛార్జీలు (నీటి లోతులో పేలి సబ్‌మెరైన్లను దెబ్బతీసే బాంబులు) వదిలిందని, కాసేపటికే ఊళ్లో కిటికీలు అదిరేంత పేలుడు వినిపించిందని మన నేవీ కథనం. తమ జలాంతర్గామి తాను పరిచిన మైన్ల (ఓడలను పేల్చడానికి సముద్రంలో పెట్టే మందుపాతరలు) మీదికే పొరపాటున వెళ్లిందని పాకిస్తాన్ అంటుంది, ఘాజీ మైన్లు పరచగలదు కాబట్టి ఆ మాటనూ కొట్టిపారేయలేం. బ్యాటరీలు ఛార్జ్ చేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పేలిందని ఇంకొందరు, లోపల ఉన్న మైన్లో టార్పెడోలో పేలాయని మరికొందరు. మన మాజీ నౌకాదళ అధికారుల్లోనే అందరిదీ ఒకే మాట కాదు.

తేల్చుకోవాలంటే కాగితాలు కావాలి. రాజ్‌పుత్ రోజువారీ లాగ్ బుక్, శిథిలం దగ్గరికి దిగిన డైవర్ల రిపోర్టులు, పైకి తీసిన వస్తువుల జాబితా. కానీ ఎంత వెతికినా తూర్పు నౌకాదళంలో ఘాజీ ఫైళ్లు దొరకలేదని, వాటిని ధ్వంసం చేసినట్టుందని 2010లో జాతీయ పత్రికలు రాశాయి. మాకు బాధగా ఉన్నది ఇదే. సొంత యుద్ధం కాగితాలను దాచుకోలేకపోతే రేపు ఏ పిల్లలకు ఏం చూపిస్తాం?

ప్రమాదమని తేలితే మన విజయం తగ్గిపోతుందేమోనన్న భయం ఎవరికైనా ఉంటే అది అక్కర్లేదు. డెప్త్ ఛార్జ్ తగిలినా, సొంత మైన్ పేలినా, ఘాజీని లేని ఓడ కోసం విశాఖ దగ్గరికి రప్పించింది కృష్ణన్ బుర్రే. ఆ సమయానికి విక్రాంత్ దూరంగా క్షేమంగా ఉంది, డిసెంబర్ 4 నుంచే దాని విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి. ఆ ఘనతను ఏ ఫైలూ చెరపలేదు. మునిగిపోయిన వాళ్లకూ తల్లులు, భార్యలు, పిల్లలు ఉన్నారు. శత్రు దేశం వాళ్లయినా తమ మనిషి ఎలా పోయాడో తెలుసుకునే హక్కు వాళ్లకు లేదని మేము అనలేం.

చట్టం కూడా ఇదే చెప్తోంది. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బయటపెట్టాలని 2021 జూన్‌లో రక్షణ శాఖ తానే విధానం ప్రకటించింది, అంతకన్నా పాతవి పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలి. ఘాజీకి యాభై ఏళ్లు ఎప్పుడో దాటాయి. 2024లో మన నేవీ డీఎస్‌ఆర్‌వీ (మునిగిన సబ్‌మెరైన్లలోని మనుషులను కాపాడే చిన్న వాహనం) ఆ శిథిలాన్ని గుర్తించిందని, చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని కదిలించలేదని వార్తలు వచ్చాయి. మంచి పని చేశారు, అలాగే ఉండనివ్వాలి. అయితే జలాంతర్గామి పైపెంకు ఎక్కడ చీలింది, లోపలి నుంచా బయటి నుంచా అన్నది ముట్టుకోకుండానే సోనార్ (శబ్ద తరంగాలతో నీటి అడుగును చూసే పరికరం), కెమెరా చూపించగలవు. ఆ చిత్రాలు బయటపెట్టండి.

ఇంకో మాట. పేలుడు తర్వాత సముద్రంలో తేలిన నూనె తెట్టును, శకలాలను ముందుగా చూసి నేవీకి చెప్పింది విశాఖ జాలర్లు. ఇంత పెద్ద కథలో వాళ్ల పేర్లు ఎక్కడా వినపడవు. ఆ రాత్రి ఇరవై ఏళ్ల వయసున్న వాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్లనూ, అప్పటి డైవర్లనూ, రాజ్‌పుత్‌లో పనిచేసిన నావికులనూ కూర్చోబెట్టి మాటలు రికార్డు చేసే పని ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ ఈ ఏడాదే మొదలుపెట్టాలి, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరించాలి. రక్షణ శాఖ వచ్చే నేవీ డే లోపు ఘాజీకి సంబంధించి తన దగ్గర ఉన్న కాగితాల జాబితా ప్రకటించాలి. ధ్వంసమైన ఫైళ్లు ఉంటే వాటిని ఎవరు, ఏ తేదీన, ఎవరి ఆర్డరు మీద ధ్వంసం చేశారో కూడా అందులో రాయాలి.