చదువుకోవడానికి ఉద్యోగం మానేస్తే అమ్మ మందులు ఆగిపోవాలా?

ఇప్పుడే ఈఎస్ఐ (జీతంలో కోత మీద ఉద్యోగికీ ఇంట్లోవాళ్లకూ వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) డిస్పెన్సరీ నుంచి ఇంటికి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, రాయకుండా ఉండలేను.

బెంగళూరు మారతహళ్లిలో ఒక బట్టల దుకాణంలో మూడేళ్లు పూటపని చేశాను. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా బిల్లు కౌంటర్. జీతం 12,000. అందులో నెలనెలా 90 రూపాయలు ఈఎస్ఐకి కోసేవారు, యజమాని వాటా 390. ఆ 480 రూపాయల మీదే మా అమ్మ ఇన్సులిన్ నడిచింది. సెప్టెంబర్ 30న మానేసి బీఈడీలో చేరాను. వారాల తరబడి బడికి వెళ్లి పాఠాలు చెప్పాల్సిన చదువు అది, పూటపనితో కుదరదు.

లెక్క తేల్చిన రోజు దుకాణం ఆఫీసు గుమాస్తా తలైనా ఎత్తకుండా "ఉద్యోగం మానేస్తే కార్డు పోయినట్టేనమ్మా" అన్నాడు. నమ్మాను. రెండు నెలలుగా ఇన్సులిన్ బయట కొంటున్నాను. మొన్న రాత్రి ఫ్రిజ్ తలుపులో సీసా తీసి చూస్తే, ఈపాటికి అయిపోవలసిన మందు ఇంకా సగం ఉంది. అమ్మ నాకు చెప్పకుండా రాత్రి మోతాదు తగ్గించుకుంటోంది! నా ఫీజు కట్టాలి కదా అని!

ఈ రోజు డిస్పెన్సరీలో నా నంబరు కొట్టి చూసి, జూన్ 30 దాకా వైద్యం ఉందన్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టిన చందాకు వచ్చే జనవరి నుంచి జూన్ వరకు వైద్యం ఉంటుంది. ఆ ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉంటే చాలు. అంతకుముందు కట్టినదానితో ఈ డిసెంబర్ గడుస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఆ గుమాస్తా చెప్పి ఉంటే అమ్మ ఒంట్లో చక్కెర ఇంత పెరిగేదా? మూడేళ్లు మా జీతం కోసిన చేతికి ఒక చీటీ రాసివ్వడం కష్టమా?

సరే, జూన్ తర్వాత? ఆ 480 నేనే కడతానన్నా తీసుకోరు. అయిదేళ్లు చందా కట్టి రిటైరైనవారికి ఏడాదికి 120 రూపాయలతో భార్యాభర్తలిద్దరికీ వైద్యం ఇస్తున్నారు, మంచి పని. చదువు కోసం ఆగినవారికి రెండేళ్లపాటు అలాంటి దారి ఎందుకు ఉండకూడదు? కర్ణాటకలో యువనిధి కింద ఉద్యోగం లేని పట్టభద్రులకు నెలకు 3,000 ఇస్తారు, పైచదువుల్లో చేరితే అదీ లేదు. చదువుకోవాలనుకోవడం నేరమా?

నేరమే అంటాడు మా పెద్ద మామయ్య. నిన్న హిందూపురం నుంచి ఫోన్ చేసి, "తల్లి మందుల కంటే నీ చదువు ఎక్కువైందా?" అన్నాడు. ఏడుపు ఆపుకుని ఫోన్ పెట్టేశాను. అన్నయ్య ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలకని రెండేళ్లు కోచింగ్‌లో కూర్చున్నప్పుడు ఇదే మామయ్య బియ్యం బస్తా వేయించి, బాగా చదువుకోరా అని దీవించి వెళ్లాడు. అమ్మ మందుల మాట ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆ రెండేళ్లూ మీ చెల్లెలి ఇన్సులిన్ నా జీతంలో కోసిన 90 రూపాయలతోనే వచ్చింది, మామయ్యా.